విశ్రాంతమ్మ పెట్టిన చుక్క

విశ్రాంతమ్మకు ఆ పేరు పెట్టిన పాస్టరుగారికి ముందుచూపు బొత్తిగా లేదని చెప్పక తప్పదు. ఇరవై ఏడేళ్లుగా ఆవిడ ఖమ్మంలోని ఒక పదిహేను పడకల నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ థియేటర్ సిస్టరు. పొద్దున ఆరున్నరకు ఖానాపురం హవేలిలో షేర్ ఆటో ఎక్కి, ముగ్గురు పట్టే సీట్లో ఐదో మనిషిగా సర్దుకుని, ఏడుకల్లా థియేటర్ తాళం తీసేది. కత్తెరలు ఉడికించడం, గాజుగుడ్డ ముక్కలు లెక్కపెట్టడం, మత్తు డాక్టరు ఇంకా రాలేదని పెద్ద డాక్టరుకూ, పెద్ద డాక్టరు వచ్చేశారని మత్తు డాక్టరుకూ ఫోన్లు చేయడం, ఇవన్నీ అయ్యేసరికి మిగతా ఊరు పళ్లు తోముకుంటూ ఉండేది. ఆవిడకు మూడింటి మీద గట్టి నమ్మకం. ఒకటి దేవుడు, రెండోది స్టెరిలైజరు, మూడోది తన జ్ఞాపకశక్తి. రెండువేల ఆరు వేసవిలో మొదటి రెండూ నిలబడ్డాయి.

సంగతికి మూలం డాక్టర్ షాలేమ్‌రాజు హైదరాబాదు ప్రయాణం. నర్సింగ్ హోమ్ ఆయనదే. రోగుల భద్రత మీద అక్కడ రెండు రోజుల సదస్సు జరిగితే వెళ్లి, ఒక నల్ల సంచీ, ఒక పెన్ను, ఒక ఆలోచన పట్టుకొచ్చాడు. సంచీ భార్య తీసుకుంది, పెన్ను రాయలేదు, ఆలోచన మాత్రం విశ్రాంతమ్మ మెడకు పడింది.

"సిస్టర్, ఇవ్వాళ్టి నుంచి మన దగ్గర రెండు తాళాల పద్ధతి," అన్నాడు ఆయన గంభీరంగా. "పేషెంటు వార్డులో ఉండగానే నువ్వు కేస్ షీట్ చూసి, కోయాల్సిన చోట నల్ల మార్కర్‌తో చుక్క పెడతావు. అది మొదటి తాళం. టేబుల్ మీద నేను కత్తి పట్టుకుని 'ఇదేనా సిస్టర్' అని అడుగుతా. నువ్వు మళ్లీ కేస్ షీట్ చూసి చెప్తావు. అది రెండో తాళం. రెండూ తెరుచుకుంటేనే కోత."

"తప్పు కాలు కోసేటోళ్లు గూడ ఉంటరా సార్?" అని అడిగింది విశ్రాంతమ్మ, లోకం మీద జాలితో.

"అమెరికాలో ఉన్నారట," అన్నాడు షాలేమ్‌రాజు. ఇద్దరూ అమెరికాను తలుచుకుని కాసేపు బాధపడ్డారు.

ఆ రోజు నుంచి విశ్రాంతమ్మ మెడలో సిలువ గొలుసు పక్కనే దారానికి కట్టిన మార్కర్ వేలాడసాగింది. ఆవిడ చుక్క రూపాయి బిళ్లంత గుండ్రంగా, ఎక్కడా చెదరకుండా ఉండేది. ఆరు నెలల్లో ఒక్క చుక్క తప్పలేదు. చుక్క తప్పకపోతే కాగితం చూడాల్సిన అవసరమేముంటుంది? కాబట్టి రెండో తాళం మెల్లగా తుప్పుపట్టింది. "ఇదేనా సిస్టర్" అని డాక్టరు అనేవాడు, "ఇదే సార్" అని విశ్రాంతమ్మ అనేది, చర్చిలో ప్రార్థన చివర ఆమెన్ అన్నంత సునాయాసంగా. ఆమెన్ అనే ముందు ఎవరూ కాగితం చూసుకోరు.

హరిలాల్ ఆ మే నెలలో వచ్చాడు. ఏన్కూరు దాటాక అడవి అంచున ఒక తండా అతనిది. పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద బొగ్గు బెల్టు దగ్గర పని. మూడు షిఫ్టుల బతుకు. సెలవు దొరికిన రోజున తల్లి మంగ్లికి సాయంగా తునికాకు కోయడానికి అడవికి పోతే, తుమ్మముల్లొకటి చెప్పును దూసుకుని కుడి అరికాల్లోకి దిగి, లోపలే విరిగి కూర్చుంది. పైకి ఏమీ కనిపించదు. ఎక్స్‌రేలో ముల్లు పడదు. కానీ షాలేమ్‌రాజు బొటనవేలితో ఒకచోట నొక్కగానే హరిలాల్ వేసిన కేక విని, కింద మందుల షాపులో సరుకు తీసుకుంటున్న మనిషి చిల్లర వదిలేసి వెళ్లిపోయాడు. చోటు ఖాయమైంది. కేస్ షీట్‌లో విశ్రాంతమ్మ తన ముత్యాల అక్షరాలతో 'కుడి అరికాలు' అని రాసింది. ఒప్పుదల కాగితం మీద కూడా అదే రాసి, హరిలాల్ చేత సంతకం పెట్టించింది.

మర్నాడు పొద్దున ఏడింటికి ఆవిడ మార్కర్‌తో వార్డులోకి వెళ్లేసరికి హరిలాల్ బోర్లా పడుకుని గుర్రుపెడుతున్నాడు. వారం రోజులుగా నైట్ షిఫ్టు చేసిన మనిషికి పొద్దున ఏడంటే అర్ధరాత్రితో సమానం. లేపి అడగాలన్నది నియమమే గానీ, ఆ నిద్ర చూస్తే ఆవిడకు మనసొప్పలేదు. పక్కన స్టూలు మీద మంగ్లి కూర్చుని ఉంది. ముంజేతుల నిండా గాజులు, రవికకు అద్దాలు, కొడుకు మీద నుంచి రెప్ప వాల్చని కళ్లు. విశ్రాంతమ్మ కాగితం చూసింది, కుడి అరికాలు చూసింది, చుక్క పెట్టింది.

"దిష్టి తగలకుంట పెడుతున్నవా చెల్లె?" అంది మంగ్లి.

విశ్రాంతమ్మ చేతిలో మూడు పనులున్నాయి. "ఆఁ, అన్నిటికీ మంచిదే అక్కా," అని నవ్వేసి వెళ్లిపోయింది.

తొమ్మిదింటికి థియేటర్లో హరిలాల్‌ను బోర్లా పడుకోబెట్టారు. వెన్నులో సూది వేశాక నడుము కింద తనకు ఏమున్నాయో ఏమి లేవో అతనికి తెలియదు. పైన పచ్చగుడ్డ కప్పారు. ఆ గుడ్డలో కిటికీలా కత్తిరించిన రంధ్రంలోంచి ఒక అరికాలు బయటికి చూస్తోంది. దాని మధ్యలో రూపాయి బిళ్లంత నల్లటి చుక్క.

"ఇదేనా సిస్టర్?"

విశ్రాంతమ్మ చేతిలో కేస్ షీట్ ఉంది. కళ్లు మాత్రం సెలైన్ సీసా మీద ఉన్నాయి. తిరిగి చూసింది. చుక్క కనపడింది.

"ఇదే సార్."

పావుగంట తవ్వితే ముల్లు దొరికింది. వంకర తిరిగి, నల్లబడి, ముప్పావు అంగుళం పొడవుంది. గుడ్డ అవతల నుంచి హరిలాల్ గొంతు వినిపించింది.

"దొరికిందా సార్?"

"దొరికిందయ్యా. పెద్దదే."

"మీ కాళ్లకు దండం సార్," అన్నాడు హరిలాల్, తన కాళ్ల సంగతి తెలియక.

సాయంత్రం ఐదింటికి మత్తు దిగింది. కేక వినిపించింది. విశ్రాంతమ్మ పరుగున వెళ్లింది.

"సిస్టరమ్మా, కట్టు ఎడమ కాలుకున్నది."

"ఉంటది మరి. ఆపరేషన్ అయింది గదా."

"ముల్లు కుడి కాల్ల ఉన్నది."

"లేదు బిడ్డా, ముల్లు సీసాల ఉన్నది. జూడు," అని చూపించింది.

హరిలాల్ సీసాలోకి తేరిపార చూశాడు. "ఇది నాది కాదు," అన్నాడు.

డాక్టరును పిలిచారు. ఆయన కుడి అరికాలి మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. కింద మందుల షాపు మళ్లీ ఖాళీ అయింది.

"మరి ఎడమ కాల్లో ముల్లు ఎందుకుంది?" అన్నాడు షాలేమ్‌రాజు, తప్పు ముల్లుదే అన్నట్టు.

"ఎప్పటిదో సార్ అది. చిన్నప్పుడు రేగుపండ్లకు పోయినప్పుడు కుచ్చుకున్నదేమో. దాంతోటి నాకేం లొల్లి లేకుండె."

మర్నాడే రెండో కాలు కూడా పైసా తీసుకోకుండా కోసి పెడతానని డాక్టరు మాటిచ్చాడు. ఆ మాట వినగానే హరిలాల్ రెండు మడమల మీద నడుస్తూ, తల్లి భుజం పట్టుకుని, బస్టాండు దారి పట్టాడు. ఏన్కూరు బస్సులో అతని పక్కన కూర్చున్న మనిషి బాబూరావు. ఖమ్మం కోర్టులో వకీలు. సత్తుపల్లి వైపు ఒక పొలం తగాదా మీద పోతున్నాడు. తల్లాడలో బస్సు మారడానికి దిగే లోపు అతను హరిలాల్ రెండు కాళ్లూ పరిశీలించి, వాటిలో న్యాయశాస్త్రం ఇంతవరకు ఎరగని ఒక గొప్ప ప్రశ్న ఉన్నట్టు కనిపెట్టాడు.

మూడు వారాలకు జిల్లా వినియోగదారుల ఫోరం నుంచి నోటీసు వచ్చింది. మొదటి ప్రతివాది డాక్టర్ షాలేమ్‌రాజు. రెండో ప్రతివాది విశ్రాంతమ్మ.

ఆ సాయంత్రం భర్త లూకా కళ్లజోడు తుడుచుకుని నోటీసు మొత్తం పైకి చదివాడు. ముప్ఫై ఏళ్లు బస్టాండులో మైకు పట్టుకుని బస్సుల రాకపోకలు చెప్పి రిటైరైన మనిషి. ఏది చదివినా వాడకట్టంతా వినిపిస్తుంది.

"రెండో ప్రతివాదియైన విశ్రాంతమ్మ తన అజాగ్రత్త వలన..."

"మెల్లగ చదువయ్యా. కిరాయికున్నోళ్లు వింటున్నరు."

"విననీ. ఇంతకూ నువ్వు ఏ కాలుకు పెట్టినవే?"

"కుడికి."

"చుక్క ఎడమకెట్ల పోయింది? నడుచుకుంట పోయిందా?"

అదే ఆవిడ బాధ. ఆపరేషన్ బల్ల మీద చుక్క ఎడమ కాలి మీద ఉండటం స్వయంగా చూసింది. పొద్దున కుడి కాలికి పెట్టినట్టు స్వయంగా గుర్తుంది. రెండూ నిజమయ్యే వీలు లేదు. డాక్టరు తన జవాబులో సూటిగా రాయించాడు: సిస్టరు ఎక్కడ గుర్తు పెట్టిందో అక్కడ కోశాను, గుర్తు పెట్టడం ఆమె బాధ్యత.

"నా మీద కోపం పెట్టుకోకు సిస్టర్," అన్నాడు ఆయన, ఆవిడ కళ్లలోకి చూడకుండా. "నువ్వు గుర్తు తప్పు పెట్టావని ఫోరంలో తేలితే నర్సుల కౌన్సిల్ దాకా పోతుంది. తర్వాత నేను నిన్ను థియేటర్లో పెట్టుకోలేను. తేలేదాకా కింద స్టోర్‌లో ఉండు."

ఇరవై ఏడేళ్ల తర్వాత విశ్రాంతమ్మ స్టోర్ గదిలో ఫినాయిల్ డబ్బాల మధ్య కూర్చుని గాజుగుడ్డలు మడతపెట్టింది. పైన థియేటర్లో కొత్త పిల్ల కత్తెరలు కిందపడేస్తున్న చప్పుడు వినిపిస్తుంటే, ప్రతి చప్పుడుకూ ఆవిడ ఒక్కో గుడ్డను తప్పు మడత వేసేది. ఆ గదిలోంచి మళ్లీ పైకి ఎక్కడమా, అక్కడి నుంచే ఇంటికి పోవడమా అన్నది ఒక్క చుక్క మీద ఆధారపడి ఉంది.

అనుమానం ఇంటికి కూడా వచ్చింది. తన కుడి ఎడమలు తనకు తెలుసా అన్న ప్రశ్న మనిషికి యాభై రెండేళ్ల వయసులో రాకూడదు. ఒక శనివారం మధ్యాహ్నం లూకా బోర్లా పడుకుని ఉంటే, ఆవిడ మార్కర్ తీసుకుని, గుమ్మంలోంచి వచ్చి ఒకసారి, కిటికీ వైపు నుంచి వచ్చి ఒకసారి, కళ్లు మూసుకుని ఒకసారి అతని కుడి అరికాలిని వెతికి చుక్క పెట్టి చూసింది. ప్రతిసారీ సరిగ్గానే పడింది. మర్నాడు చర్చిలో ప్రార్థనకు మోకరించిన లూకా కుడి అరికాలి మీద మూడు నల్ల చుక్కలు వెనక వరసలన్నిటికీ కనిపించాయి. అదేదో కొత్త చర్మవ్యాధి అని సంఘస్థులు ప్రత్యేక ప్రార్థన చేశారు.

ఇక మిగిలింది ఒక్క సాక్షి. ఆ పొద్దున స్టూలు మీద కూర్చున్న మంగ్లి.

"ఎదుటి పార్టీ ఇంటికి పోతవానే? కేసు నడుస్తుంటే?" అన్నాడు లూకా.

"అడగనీకె పోతున్న. కొట్టనీకె కాదు గదా."

ఏన్కూరులో బస్సు దిగి, తండా దాకా ట్రాలీ ఆటోలో ఎరువు బస్తాల మీద కూర్చుని వెళ్లింది. మిట్టమధ్యాహ్నం. ఇళ్ల ముందు పందిళ్ల నీడలో మంచాల మీద పిల్లలు అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు. అరికాళ్లన్నీ దారివైపు ఉన్నాయి. విశ్రాంతమ్మ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. ఒక కాలి మీద నల్లటి చుక్క. పక్క మంచం మీద ఇంకో చుక్క. మూడో మంచం మీద ముగ్గురు పిల్లలు, మూడు చుక్కలు. అన్నీ రూపాయి బిళ్లంత. అన్నీ ఎడమ అరికాలి మీదే. పందిరి గుంజకు ఆనించిన కొత్త సైకిలుకు కూడా ఎడమ పెడలు మీద ఒకటి ఉంది.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. మళ్లీ దిగింది. మంగ్లి ఇంటి ముందుకు వచ్చేసరికి నవ్వాలో ఏడవాలో తెలియని స్థితిలో ఉంది.

"అక్కా, మీ తండల దిష్టి చుక్క ఏ కాలుకు పెడ్తరు?"

"ఎడమకే. కుడికి పెడ్తె అరిష్టం గదా," అంది మంగ్లి. అని, వెంటనే నోరు మూసుకుంది.

"ఆ పొద్దున నేను కుడికి పెట్టిన. నువ్వు చూసినవు."

మంగ్లి ఇంటి కప్పు వైపు చూసింది.

"నువ్వు దాన్ని తుడిచి ఎడమకు పెట్టినవా?"

మంగ్లి కప్పు మీద తాటాకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"అక్కా! నా నౌకరి పోతున్నది. అవ్ అను, లేకుంటె కాదను."

"నేనేం అన," అంది మంగ్లి పళ్ల బిగువున. "పెట్టిన చుక్కను నోటితోటి చెప్తె దాని బలం పోతది. ముల్లు ఇంక లోపలనే ఉన్నది. అది బయటపడేదాక నేను ఆ మాట ఎత్త. నా కొడుకు నాకు ఎక్కువ, నీ నౌకరి ఎక్కువనా చెల్లె?"

ఇది కాదనలేని మాట. ఒక తల్లితో దీని మీద వాదన నడవదు.

"మరి ముల్లు తీయించవచ్చు గదా! రెండు నెల్లయింది!"

లోపల నుంచి హరిలాల్ గొంతు వచ్చింది. "వకీలు సారు వద్దన్నడు సిస్టరమ్మా."

అతను మంచం మీద పడుకుని ఉన్నాడు. కుడి కాలు దిండు మీద, దిండు ట్రంకు పెట్టె మీద, పైన శుభ్రమైన తువాలు. పెళ్లిలో కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరగదు.

"ముల్లు పోతె కేసు పోతదట. అదే మన సాక్ష్యం, పదిలంగ చూసుకో అన్నడు."

విశ్రాంతమ్మ తువాలు తీసింది. కాలు గుమ్మడికాయలా ఉబ్బి ఉంది. చెయ్యి పెడితే కాలుతోంది. కేసు, చుక్క, నౌకరి అన్నీ ఆ క్షణంలో ఆవిడ బుర్రలోంచి జారిపోయి, ఇరవై ఏడేళ్ల సర్వీసున్న నర్సు మాత్రం మిగిలింది.

"బుద్ధి ఉందా లేదా పిలగా? చీము పట్టింది. జ్వరం గూడ ఉన్నది. ఇంకో పది రోజులైతె సాక్ష్యం ఉంటది, సాక్షి ఉండడు!"

"మరి బాబూరావు సారు..."

"బాబూరావు కాల్ల దిగిందా ముల్లు? కేసు గెలువు బిడ్డా, నా మీదనే గెలువు. కని రేపు పొద్దుగాల్ల ఖమ్మం పెద్ద దవాఖానకు పో. పోకపోతివో నేనే వచ్చి ఆటోల ఏసుకపోత."

మళ్లీ బస్సెక్కేసరికి ఆవిడకు సగం ప్రాణం వచ్చింది. చుక్క తను సరిగ్గానే పెట్టింది. మిగతా సగం మాత్రం రాలేదు. ఆ సంగతి తను తప్ప చెప్పగల మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషి తాటాకులు లెక్కపెట్టుకుంటోంది.

ఫోరంలో వాదనల రోజు ఆగస్టులో వచ్చింది. హాల్లో మూడు ఫ్యాన్లున్నాయి, వాటిలో ఒకటి అధ్యక్షుడి నెత్తిన ఉంది, అదొక్కటే తిరుగుతోంది. అంతకు ముందు ఒక మిక్సీ కేసూ, ఒక నకిలీ విత్తనాల కేసూ తేల్చిన ఆ పెద్దమనిషి, బల్ల మీద సీసాలో ఉన్న ముల్లును భూతద్దంతో చూసి నిట్టూర్చాడు.

డాక్టరు వైపు వకీలు మొదలుపెట్టాడు. "అయ్యా, ఫిర్యాదుదారు ముల్లు తీయమని వచ్చాడు. ముల్లు తీశాము. ఇదిగో ముల్లు. సేవలో లోపం ఎక్కడుంది? ఏ కాలు అన్నది స్వల్ప వివరం."

బాబూరావు లేచి నల్లకోటు సర్దుకున్నాడు. "స్వల్పమా అయ్యా? ఒప్పుదల కాగితంలో కుడి కాలు అని స్పష్టంగా ఉంది. ఎడమ కాల్లోని ముల్లుతో నా క్లయింటు ఇరవై ఏళ్లుగా సఖ్యంగా కాపురం చేస్తున్నాడు. దాన్ని తీయమని ఎవరు అడిగారు? అనుమతి లేకుండా మనిషి ఒంట్లోంచి దేన్ని తీసినా అది అతిక్రమణే."

"మేలు చేసినా అతిక్రమణేనా?" అన్నాడు అధ్యక్షుడు.

"మన ఇంట్లో ఎవరో జొరబడి ఇల్లు ఊడ్చిపోతే ఊరుకుంటామా అయ్యా?"

అధ్యక్షుడు తన ఇల్లు ఎలా ఉందో గుర్తుచేసుకున్నట్టు కాస్త ఆలోచించాడు. "ఊరుకుంటానేమో," అన్నాడు. "సరే, కానివ్వండి."

బాబూరావు గొంతు పెంచాడు. "అసలు ముల్లు ఈ క్షణానికి కూడా, అయ్యా, ఈ క్షణానికి కూడా నా క్లయింటు కుడి పాదంలో..."

"లేదు సారూ," అంది వెనక బెంచీ మీద నుంచి మంగ్లి. "గిదిగో."

ఆవిడ గాజులు గలగలమంటూ ముందుకు వచ్చి, కొంగు ముడి విప్పి, తిన్నని తుమ్మముల్లొకటి సీసా పక్కన పెట్టింది. హరిలాల్ నేలచూపులు చూస్తున్నాడు. అతను రెండు కాళ్ల మీదా బరువు మోపి నిలబడి ఉన్నాడన్న సంగతి అప్పుడుగానీ ఎవరూ గమనించలేదు.

"ఎవరు తీశారమ్మా?" అన్నాడు అధ్యక్షుడు.

"నేనే సారూ. సిస్టరమ్మ జ్వరమన్నది, పెద్ద దవాఖానకు పొమ్మన్నది. పొద్దుగాల బస్సు దాక ఎందుకని రాత్రికి జిల్లేడు పాలు పోసి, ఉల్లిగడ్డ కాల్చి కట్టిన. తెల్లారేసరికి చీముతోటి అదే బయటికొచ్చింది. తర్వాత దవాఖానకు పోయి సూదులు గూడ ఏయించినం." కొడుకు వైపు తిరిగింది. "మొదటి రోజే చెప్తి. వింటడా? కరెంటు ఫ్యాక్టరీల పని చేస్తడట, జిల్లేడు పాలు నామోషట."

"అమ్మా, గిది కోర్టు," అన్నాడు హరిలాల్ సన్నగా.

"కోర్టయితె ఏంది? ముల్లు బయటికొచ్చింది, ఇగ నేను మాట్లాడొచ్చు. సారూ, ఆ సిస్టరమ్మ తప్పు లేదు. ఆమె కుడి కాలుకే పెట్టింది. నేనే కొబ్బరినూనె పూసి, పోరనికి నొప్పి కాకుంట కొంగుతోటి మెల్లగ తుడిచేసి, ఎడమకు కాటుక చుక్క పెట్టిన."

"ఎందుకు?"

"దిష్టి చుక్క తప్పు కాలుకు పెట్టింది గదా! పాపం మంచి మనిషి, తెల్వక పెట్టిందనుకున్న. చెప్తె చిన్నబోతదని, పోరడు నిద్రల ఉన్నప్పుడే సరిజేసిన."

హాలులో ఒక పక్క నుంచి నవ్వు మొదలై మూడు బెంచీలు దాటి గుమాస్తా దగ్గరికి వచ్చింది. ఆయన టైపు మిషను వెనక తల దాచుకున్నాడు. అధ్యక్షుడు ఎడమ చేతిలో సీసా, కుడి చేతిలో తుమ్మముల్లు పట్టుకుని, న్యాయదేవత త్రాసులా కాసేపు ఉండిపోయాడు.

డాక్టరు వైపు వకీలు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అయ్యా, ఇంకేం కావాలి? గుర్తు చెరిపింది ఫిర్యాదుదారు తల్లి. మార్చింది ఆమె. మా తప్పు ఇసుమంత కూడా లేదు. కేసు కొట్టేయండి."

షాలేమ్‌రాజు ముఖం రెండు నెలల తర్వాత విప్పారింది. ఆయన వెనక్కి తిరిగి విశ్రాంతమ్మకు బొటనవేలు పైకెత్తి చూపించాడు. రేపటి నుంచి థియేటరు నీదే అని దాని అర్థం.

అధ్యక్షుడు కాగితాలు సర్దుకుంటూ, పద్ధతి ప్రకారం అడగాలి కాబట్టి అడిగాడు. "రెండో ప్రతివాది చెప్పేదేమైనా ఉందా?"

ఏమీ లేదని చెప్పి కూర్చుంటే చాలు. విశ్రాంతమ్మ లేచింది. లేచాక, ఏమీ లేదన్న మాట ఎంత వెతికినా ఆవిడకు దొరకలేదు.

"అయ్యా, చుక్క నేను కుడికే పెట్టిన. గది తేలింది, సంతోషం. కని మా దగ్గర రెండు తాళాలు. చుక్క మొదటిది. రెండోది కాగితం. సారు 'ఇదేనా' అన్నప్పుడు కాగితం నా చేతిలనే ఉన్నది. కుడి అని నా రాతనే ఉన్నది. నేను చూడలే. చుక్క చూసి అవునన్న. చూసి ఉంటె ఆ కాలు తెగకపోవు. నిద్రపోతున్న పేషెంటును లేపి అడగలే, అదొకటి. గా ముసలామెదే తప్పంటె నాకు రాత్రి నిద్ర పట్టదు."

లూకా వెనక బెంచీలో కళ్లు మూసుకున్నాడు. డాక్టరు బొటనవేలు ఇంకా పైనే ఉంది, దాన్ని ఎలా దించాలో ఆయనకు తెలియలేదు.

అధ్యక్షుడు కళ్లజోడు తీశాడు. "ఇది రాసుకోమంటారా అమ్మా?"

"రాసుకోండి సార్. నిదానంగనే రాసుకోండి."

తీర్పు పదిహేను రోజులకు వచ్చింది. రోగి బంధువు గుర్తు మార్చినా, కాగితం చూడకుండా కోయడం ఆసుపత్రి సేవలో లోపమే అని అందులో ఉంది. హరిలాల్‌కు అయిన ఖర్చులు, పోయిన జీతం డాక్టరు ఇవ్వాలి. ఎడమ కాలి ముల్లు తీసినందుకు ఎవరూ ఎవరికీ బాకీ లేరు. మంగ్లి మీద ఏ చర్యా లేదు. రెండు ముళ్లూ ఫిర్యాదుదారుకు వాపసు. విశ్రాంతమ్మ నిజం చెప్పింది కాబట్టి ఆమె మీద విడిగా ఏమీ విధించడం లేదు. అయితే, ఇకమీదట ఆ ఆసుపత్రిలో ప్రతి ఆపరేషనుకు ముందు కేస్ షీటు పైకి, అందరికీ వినపడేలా చదవాలి. చదవాల్సిన మనిషి రెండో ప్రతివాది.

షాలేమ్‌రాజు ఆ చివరి వాక్యాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. తన వకీలుకు ఫోన్ చేశాడు. సిస్టరును స్టోర్‌లోనే ఉంచితే ఫోరం ఆదేశాన్ని ధిక్కరించినట్టే అవుతుందని వకీలు చెప్పాడు.

సోమవారం పొద్దున విశ్రాంతమ్మ థియేటర్ తాళం తీసింది. తొమ్మిదిన్నరకు గిలక, అదే హెర్నియా, ఆపరేషను. పేషెంటు బల్ల మీద ఉన్నాడు. పొట్ట కింద చుక్క ఉంది. డాక్టరు చేతులు కడుక్కుని, గ్లవుజులు తొడుక్కుని, వాటికి ఏదీ తగలకుండా రెండు చేతులూ ఛాతీ దాకా ఎత్తి నిలబడ్డాడు. ఫోరంలో వాదనల రోజు నుంచి ఆవిడతో ఒక్క మాట లేదు. ఇప్పుడు తప్పలేదు.

"ఇదేనా సిస్టర్?"

విశ్రాంతమ్మ కళ్లజోడు పెట్టుకుంది. కేస్ షీటు తెరిచి, లూకా ముప్ఫై ఏళ్లు మైకులో చదివిన గొంతు ఇంట్లో విని విని అబ్బిన గొంతుతో మొదలుపెట్టింది. పేషెంటు పేరు దేవ్‌సింగ్. తండ్రి పేరు మోతీలాల్. వయసు నలభై ఆరు. గ్రామం, మండలం, పోస్టు. బరువు. బీపీ. పడని మందులు ఏమీ లేవు. చిన్నప్పుడు కామెర్లు వచ్చి తగ్గాయి.

"సిస్టర్, నా చేతులు పీకుతున్నాయి," అన్నాడు డాక్టరు.

"దేవ్‌సింగ్ అన్నా," అంది విశ్రాంతమ్మ గుడ్డ అవతలికి వంగి, "మేల్కొనే ఉన్నవా? ఏ పక్క నొప్పి?"

"ఎడమ పక్క అమ్మా."

"మీ ఇంటోళ్లు ఎవరన్న చుక్క గిట్ల మార్చినరా?"

"లేదమ్మా."

"కాగితంల గూడ ఎడమనే ఉన్నది సార్."

"ఇక కోయనా?" అన్నాడు షాలేమ్‌రాజు, కత్తి కోసం చెయ్యి చాపుతూ.

"ఆగండి సార్," అంది విశ్రాంతమ్మ, కాగితం తిప్పి. "వెనక పేజీ గూడ ఉన్నది."